ఇరవై పౌండ్ల వెసులుబాటు

ఆత్మకథే అయినా ‘నేను, నేను’ అనుకోవడం ఈ టైరుకు చేతకాదు. పక్కగోడ మీద అచ్చేసిందే దాని పేరు: ఎస్‌టీ235/80ఆర్16, లోడ్ రేంజ్ (బరువు మోసే తరగతి) ‘జి’. ఎస్‌టీ అంటే ట్రైలర్ల కోసమే తయారైన జాతి. డాట్ నంబరు చివర 1423 అని ఉంది. 2023లో పద్నాలుగో వారం పుట్టిందన్నమాట.

అరిజోనాలో ఓ రిటైరైన జంట ట్రావెల్ ట్రైలర్ కిందికి అది చేరింది, పాతదొకటి పేలాక. ఐ-10 హైవే మీద, మిట్టమధ్యాహ్నం. ట్రెడ్ పట్టీలా ఊడొచ్చి చక్రం పైనున్న రేకును చీల్చేసింది. నాసిరకం సరుకని పెద్దాయన అక్కడికక్కడే తేల్చేశాడు.

పెద్దావిడ మాత్రం బండిని ట్రక్కుల కాటా ఎక్కించింది. రెండు ఇరుసుల మీదా కలిపి 13,600 పౌండ్లు. ఒక్కో ఇరుసుకు పరిమితి 7,000, అంటే చక్రానికి 3,500. పాత టైర్లు లోడ్ రేంజ్ ‘ఇ’. 80 పీఎస్ఐ గాలితో మోయగలిగింది 3,520. పరిమితి దాకా నింపితే మిగిలే వెసులుబాటు 20 పౌండ్లు! చక్రం మీద పది కిలోల బియ్యం సంచి అదనంగా పడితే అదీ చెల్లు. పైగా ఇరుసు బరువు చెప్పే కాటా ఎడమా కుడీ తేడా చెప్పదు. వంటగది, ఫ్రిజ్, సామాన్ల అర అన్నీ ఒకే పక్క ఉన్నాయి. పేలిందీ ఆ పక్కదే. అమెరికా ఆర్‌వీ (విహార వాహనాల) పరిశ్రమ సంఘం కొత్త ట్రైలర్ల టైర్లకు కనీసం పది శాతం అదనపు సామర్థ్యం ఉండాలన్నది 2017లో. ఈ బండి అంతకు ముందుది.

‘జి’ టైరు 110 పీఎస్ఐ వద్ద 4,400 పౌండ్లు మోస్తుంది. కానీ టైర్ల షాపు కుర్రాడు ముందుగా చక్రాన్ని బోర్లించి, రిమ్ము వెనక మసి తుడిచి, అక్కడి అంకెలు చదివాడు. రిమ్ము తట్టుకోలేని గాలి టైరుకెంత పట్టినా దండగే. రబ్బరు వాల్వులు పీకి లోహపువి బిగించాడు. ఇంత శ్రద్ధ చూపే షాపులు తక్కువని ఈ టైరు అభిప్రాయం.

దాని అసలు కష్టం పెట్రోలు బంకు మలుపులో. రెండు ఇరుసులూ స్టీరింగ్ చక్రాల్లా పక్కకు తిరగవు కదా. ముందుది ఒకవైపు, వెనకది ఇంకోవైపు ఈడ్చుకుపోతాయి. పక్కగోడ మెలిపడుతుంది, లోపలి ఉక్కు పొరల మధ్య అతుకు మీద లాగుడు పడుతుంది. కారు టైర్లకు ఈ బాధ ఇంతగా తెలియదు. దానికి తోడు తక్కువ గాలి, ఎండ, వేగం కలిస్తే లోపల వేడి పేరుకుంటుంది. అందుకే పెద్దాయన ఇప్పుడు తెల్లవారుజామునే, బండి కదలకముందే గాలి చూస్తాడు. మధ్యాహ్నం పెరిగిన అంకె చూసి గాలి తీసేసే అలవాటు మానుకున్నాడు.

ట్రెడ్ అరిగేదాకా ఈ టైరును ఉంచరు. ఏడాదిలో ఎక్కువ కాలం నిలబడే బండికి అరుగుదల కంటే వయసే శత్రువు. ఐదారేళ్లకు మార్చేయాలని పెద్దావిడ క్యాలెండర్‌లో రాసిపెట్టింది. ఆ రోజు షాపులో బిల్లు కట్టబోతూ ఆమె బండి వెనక్కి వెళ్లి, ముసుగులో వేలాడుతున్న స్టెప్నీ నంబరు చదివింది. అదీ పాత ‘ఇ’యే, పేలినదాని కంటే పాతది. ఐదోదీ దించమంది.