వినకూడని ల్యాబ్ చిట్కాలు: చిట్టెలుక తోక నుంచి ఫ్రీజర్ దాకా

"తోక ముక్క కాస్త పెద్దదే కొయ్యి, డీఎన్ఏ ఎక్కువొస్తుంది." చిట్టెలుకలతో పని నేర్చుకునే పిల్లలకు సీనియర్లు తరచూ ఇచ్చే సలహా ఇది. వినకండి. జీనోటైపింగ్‌కు 2 మిల్లీమీటర్ల కొస సరిపోతుంది. ముక్క పెద్దదయ్యేకొద్దీ అందులో ఎముకా వెంట్రుకలూ రక్తమూ పెరుగుతాయి. ప్రొటీనేజ్ కె అంతటినీ కరిగించలేదు, రక్తంలోని హీమ్ పీసీఆర్‌కు అడ్డుపడుతుంది. ఎక్కువ కోసినందుకు బ్యాండ్ మసకబారుతుంది, పిల్ల ఎలుకకు నొప్పి మిగులుతుంది. మూడు వారాలు నిండకముందే, తోక ఎముక గట్టిపడకముందే తీయండి. ఆ వయసు దాటితే మత్తు ఇచ్చే కోయాలి. అసలు గుర్తు కోసం చెవికి రంధ్రం వేస్తున్నప్పుడు ఊడివచ్చే ఆ చిన్న బిళ్లతోనే పరీక్ష అయిపోతుంది. అలాంటప్పుడు తోక జోలికి పోవడం ఎందుకు? జంతు నైతిక కమిటీ అనుమతి ఉంది కదా అని అవసరానికి మించి కోసే హక్కు ఎవరికీ రాదు.

"కత్తెరను స్పిరిట్‌తో తుడిస్తే చాలు." ఈ మాట నమ్మి పాడైన కాలనీలు ఉన్నాయి. ఆల్కహాల్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది, డీఎన్ఏను మాత్రం ఏమీ చేయదు. ద్రావణంలోంచి డీఎన్ఏను పేరబెట్టి బయటికి తీయడానికి మనం వాడేదే ఇథనాల్! అంటే ముందరి ఎలుక డీఎన్ఏ కత్తెర అంచున భద్రంగానే ఉంటుంది. పీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కూ కాపీలు రెట్టింపవుతాయి. 30 సైకిళ్లు సవ్యంగా జరిగితే ఒక్క అణువు 107 కోట్లు దాటుతుంది. ఆ కాస్త మరకతో మామూలు పిల్ల హెటిరోజైగస్‌గా కనబడుతుంది. దాన్ని జత కట్టిస్తారు. రెండు తరాలు గడిచాక లెక్కలు కుదరక అందరూ ప్రైమర్లను తిట్టుకుంటారు. ప్రతి జంతువుకూ కొత్త బ్లేడు వాడండి. అది కుదరకపోతే ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి, కత్తెరను అందులో ముంచి, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. కడగడం మరిచిపోవద్దు. మిగిలిన బ్లీచ్ ఎలుక పుండును మండిస్తుంది, రాబోయే శాంపిల్‌నూ తినేస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ డీఎన్ఏ వేయని ట్యూబు ఒకటి నడిపితే దొంగ అక్కడే దొరుకుతాడు.

నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ సలహా ఆర్ఎన్ఏ పనిలో వినిపిస్తుంది: "ముందు అన్ని అవయవాలూ కోసి ఐసు మీద పెట్టు, చివర్లో అన్నీ ఒకేసారి నైట్రోజన్‌లో వేద్దాం." రక్తప్రసరణ ఆగిన క్షణం నుంచే కణాల్లోని ఎంజైములు ఆర్ఎన్ఏను కొరకడం మొదలుపెడతాయి. ఐసు వాటిని నెమ్మదింపజేస్తుంది, ఆపదు. పాంక్రియాస్‌లో ఆ ఎంజైములు మరీ ఎక్కువ కాబట్టి దాన్నే ముందు తీయాలి. ఇంకో చిక్కుంది. ఫాస్ లాంటి జీన్లు ఒత్తిడికి నిమిషాల్లో స్పందిస్తాయి. ఆలస్యం చేస్తే మనం కొలిచేది మందు ప్రభావమా, మన జాప్యమా అన్నది తెలియకుండా పోతుంది. కోసిన ప్రతి ముక్కా వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి, అక్కడి నుంచి కరగనివ్వకుండా మైనస్ 80 ఫ్రీజర్‌లోకి వెళ్లాలి.

నైట్రోజన్ లేకపోతే ఆర్ఎన్ఏను కాపాడే ఆర్ఎన్ఏలేటర్ ద్రావణం వాడొచ్చు. కానీ లివర్ లోబ్‌ను కోయకుండా మొత్తంగా అందులో పడేసి నిశ్చింతగా ఉండమనేవాళ్ల మాట వినొద్దు. ద్రావణం లోపలికి ఇంకాలి కదా! ఒక వైపైనా అర సెంటీమీటరు కన్నా పలచగా కోసి, ముక్కకు కనీసం అయిదు రెట్లు ద్రావణం పోసి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర నాననిచ్చాకే ఫ్రీజర్‌కు పంపండి.

"ఫార్మలిన్‌లో ఉంచు, డీఎన్ఏ సంగతి తర్వాత చూద్దాం" అనేదీ అంతే. మైక్రోస్కోపు పనికి ఫార్మలిన్ మంచిదే. అయితే అది డీఎన్ఏను ప్రొటీన్లతో ముడివేస్తుంది, ముక్కలు చేస్తుంది, సైటోసిన్‌ను యురాసిల్‌గా మారుస్తుంది. సీక్వెన్సింగ్‌లో అవే లేని మ్యుటేషన్లుగా కనబడతాయి. జన్యు పరీక్షకు కావలసిన ముక్కను మొదటే విడిగా తీయండి.

ఇక లేబుళ్లు. మూత మీద నంబరు వేస్తే చాలంటారు. మూతలు తారుమారవుతాయి, ఇథనాల్ తగిలితే మార్కర్ సిరా చెరిగిపోతుంది. ట్యూబు ఒంటి మీదా రాయండి. ఇథనాల్‌లో దాచే శాంపిల్‌కు పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వేయండి, గ్రాఫైట్ కరగదు. ఎలుక వంశం (స్ట్రెయిన్) పేరు పూర్తిగా ఉండాలి, "బ్లాక్ 6" అని వదిలేయకూడదు. క్లారెన్స్ లిటిల్ 1921లో మొదలుపెట్టిన ఆ వంశంలో ఒక శాఖ 1951లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చేరి వేరుగా పెరిగింది. అమెరికాలోని జాక్సన్ ల్యాబ్‌లోనే ఉండిపోయిన సి57బిఎల్/6జె ఎలుకల్లో ఎన్ఎన్‌టీ అనే జీన్‌లో కొంత భాగం లేదు, వేరుగా పెరిగిన ఆ 6ఎన్ శాఖలో ఉంది. ఆ జీన్‌కు ఇన్సులిన్ విడుదలతో సంబంధం ఉంది కాబట్టి ఇన్సులిన్ మీద పనిచేసేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. చివర ఉండే ఆ ఒక్క అక్షరంతో పాటు జంతువు నంబరు, ఆడో మగో, పుట్టిన తేదీ, ఏ అవయవం, ఏ రోజు తీశారు అన్నవన్నీ ట్యూబు మీదా నోటుపుస్తకంలోనూ ఒకేలా ఉండాలి.

"ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజరైతే ఐసు గోకే పని ఉండదు" అనేవాళ్లూ ఉంటారు. మంచు కరిగించడానికి అది తనంతట తానే మధ్యమధ్య వేడెక్కుతుంది, దాంతోపాటు మీ శాంపిల్ కూడా. ఐసు గోక్కునే పాత రకమే తీసుకోండి. విలువైన టిష్యూను రెండు ట్యూబులుగా పంచి, వేర్వేరు కరెంటు లైన్ల మీద నడిచే రెండు ఫ్రీజర్లలో పెట్టండి.