పాత డబ్బాకు పాడిగేదె

నాణేలరావు: మాస్టారూ, అటక మీది కోర్ టూ డుయో డబ్బా దింపాను. దానికో ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు బిగిస్తే క్రిప్టో నాణేలు తవ్వుకుంటూ కాలుమీద కాలేసుకుని బతకొచ్చని యూట్యూబంతా ఒకటే మోత. కార్డు కాదండీ, పాడిగేదె! నాలుగు జీబీదా, ఎనిమిది జీబీదా, మీరే తేల్చండి.

లెక్కల మాస్టారు: కొట్టం పాతదైనంత మాత్రాన గేదె పాలు తగ్గవు. లెక్కలన్నీ కార్డే చేసుకుంటుంది గనక ప్రాసెసరు ముసలిదైనా పరవాలేదు. చూడాల్సింది డబ్బాకు కరెంటందించే ఎస్‌ఎంపీఎస్‌ని. స్లాటు పెట్టేది 75 వాట్లు, ఈ కార్డు మేత 185. మిగతాది ఎనిమిది పిన్నుల వైరు తేవాలి. పాత డబ్బాల్లో చాలావాటికి అదే ఉండదు. ఇక జీబీలంటావా, ఈథీరియం తవ్వాలంటే డ్యాగ్ అనే పట్టిక కార్డు మెమరీలో పట్టాలి. 2015లో 1 జీబీతో మొదలైన ఆ పట్టిక 2020 చివరికి 4 దాటింది. నాలుగు జీబీ గేదెల పని అప్పుడే అయిపోయింది.

నాణేలరావు: అయితే ఎనిమిదే కొంటాను.

మాస్టారు: అదీ 2022 సెప్టెంబరు 15న వట్టిపోయింది నాయనా. ఈథీరియం ఆ రోజుతో మైనింగే ఎత్తేసింది. బిట్‌కాయిన్ అంతకు చాలాముందే తవ్వడానికే చేసిన ఆసిక్ యంత్రాల పాలైంది.

నాణేలరావు: రేవెన్‌కాయిన్, ఈథీరియం క్లాసిక్ ఉన్నాయి కదండీ!

మాస్టారు: ఉన్నాయి. ఒక్క బీడే మిగిలితే ఊరి మందంతా అక్కడికే చేరుతుంది. కార్డులు పెరిగాయని నెట్‌వర్కు ఎక్కువ నాణేలు పంచదు, మనిషికొచ్చే వాటా చిక్కిపోతుంది. మేత మాత్రం చిక్కదు. డబ్బాతో కలిపి 200 వాట్లే లాగుతుందని దయతలిచినా నెలకు 144 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే 1,152.

నాణేలరావు: రేపు ధర పెరిగితేనో?

మాస్టారు: అంత నమ్మకముంటే ఆ 1,152తో నాణెమే కొనుక్కో. పాలు తాగాలనుకున్నవాడికి పాకెట్టు దొరకదూ? పైగా 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. కొనుగోలు ధర తప్ప ఏదీ మినహాయించరు, మైనింగు సామాను ఖర్చు అందులోకి రాదని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. పాలకి పన్ను, దాణా నీ నెత్తిన! కార్డు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటావేమో. చేపుకొచ్చే గేదెని సంతకు తోలేవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఆశ అనేది ఉందే, అది మనిషిని...

నాణేలరావు: వేడి బాగా వస్తుందటండీ?

మాస్టారు: ఆ 200 వాట్లూ చివరికి వేడే. అది మాత్రం ఖాయమైన రాబడి.

నాణేలరావు: వానాకాలంలో వడియాలు ఎండుతాయా?

మాస్టారు: (కాగితం తీసి) గుమ్మడి వడియాలైతే ఎండొచ్చు. అప్పడాలొద్దు, ఫ్యానులో ఇరుక్కుంటాయి.

నాణేలరావు: మరి నాలుగు జీబీదా, ఎనిమిది జీబీదా?

మాస్టారు: వడియాలకి నాలుగు చాలు.