రొద రసికుడు

నాయిస్ అనే పేరుతో చలామణీ అయ్యే సంగీతశాఖలో రాగమూ తాళమూ సాహిత్యమూ వెతికితే దొరకవు. సభ మొదలయ్యే ముందు స్పీకరులోంచి వెలువడిన ధ్వని తిరిగి మైకులో దూరి, అంతకంతకూ పెరిగి, హాలంతా చెవులు మూసుకునేలా కూత పెట్టడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు కదా, మిగతా సంగీతకారులు దోషమని వదిలించుకునే ఆ కూతే ఈ శాఖవారికి ముడిసరుకు. దీన్ని వినేవారే తక్కువ. ఆ తక్కువలోనూ, వినడంతో తృప్తిపడక, ఒక మోతను మరొక మోత పక్కన పెట్టి, ఏది మేలో తేల్చి, ఆ తీర్పును అడగనివారికి కూడా వినిపించే వ్యక్తి ఒకడుంటాడు. ఇతణ్ణి రొద రసికుడు అనవచ్చు.

రొద రసికుడి ఇష్టదైవం చాలా సందర్భాల్లో మెర్జ్‌బౌ. 1956లో టోక్యోలో పుట్టిన మసామి అకిటా, 1979 నుంచి ఈ పేరుతో ధ్వనిముద్రణలు విడుదల చేస్తున్నాడు. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ హానోవర్‌లోని తన ఇంట్లో పనికిరాని వస్తువులను చేర్చుకుంటూ కట్టిన నిర్మాణం నుంచి ఆ పేరు తీసుకున్నాడు. అకిటా ఆల్బమ్‌లు ఇప్పటికి నాలుగు వందలు దాటాయి. 2000లో ఆస్ట్రేలియాకు చెందిన ఎక్స్‌ట్రీమ్ సంస్థ యాభై సీడీలను ఒకే పెట్టెలో పెట్టి మెర్జ్‌బాక్స్ పేరుతో అమ్మగా, 2009 నుంచి పదమూడు జపాన్ పక్షుల పేరిట మరో సంస్థ వరసగా పదమూడు సీడీలను తెచ్చింది. ఇంత సరుకును ఒక్క జన్మలో విని అరిగించుకోవడం కుదరని పని కనుక, రసికుడు తెలివిగా రెండింటిని ఎంచుకుని, వాటి మీద జీవితకాలం తగువు పెట్టుకుంటాడు.

ఈ పరిశీలనకు ఆధారమైన నమూనా వ్యాసకర్తకు స్వయానా పెద్దబావ వరుస కావడం వల్ల శాస్త్రీయతకు కొంత లోపం వచ్చినా, ఆధారాలకు మాత్రం లోటు లేదు. పెద్దబావ గొంతెత్తి మాట్లాడి ఎరగరు. పక్కింటివారు గోడకు మేకు దిగగొడితే మధ్యాహ్నం నిద్ర పాడైందని రెండు రోజులు చెప్పుకుంటారు. వినాయక నిమజ్జనంనాడు డీజే బండి వీధిలోకి రాకముందే కిటికీలు వేయించి, దూది అడుగుతారు. ఆ బండి వీధి మలుపు తిరిగిందో లేదో, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని, వంద డీజే బళ్లు కట్టకట్టి మోగినా సాటిరాని మోతలో హాయిగా మునిగిపోతారు. ఆయన చెవిలో అది మోగుతున్నంతసేపూ ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని ఆయన భార్య ఒప్పుకుంటుంది. ఆమె భయమంతా హెడ్‌ఫోన్లు తీసిన తర్వాత మొదలయ్యే వివరణ గురించే.

ఆ వివరణకు విషయం వెనెరియాలజీ, పల్స్ డీమన్ అనే రెండు ఆల్బమ్‌లు. డెత్ మెటల్ వంటి భీకర సంగీతానికి పేరుపడ్డ అమెరికన్ సంస్థ రిలాప్స్, తన అనుబంధ ముద్ర రిలీజ్ ద్వారా మొదటిదాన్ని 1994లో, రెండోదాన్ని 1996లో వెలువరించింది. మొదటిదాని పేరు సుఖవ్యాధుల వైద్యానికి సంబంధించినది కాబట్టి, అత్తగారు వచ్చినప్పుడల్లా ఆ సీడీ రెండోదాని వెనక్కి వెళ్తుంది. అందులోని మొదటి ఖండం పేరు అనంగరంగ, అంటే కల్యాణమల్లుడు సంస్కృతంలో రాసిన కామశాస్త్ర గ్రంథం పేరే. దాదాపు అరగంట సాగే ఆ ఖండాన్ని చూపించి, పెద్దబావ మన సంస్కృతి ఖండాంతరాలు దాటిందని పొంగిపోతారు. విన్న బంధువులకు ఆ ఖండంలో అనంగుడూ కనిపించలేదు, రంగమూ కనిపించలేదు. పల్స్ డీమన్ మొదటి రెండు ఖండాల పేర్లు వడ్రంగిపిట్ట నంబరు ఒకటి, నంబరు రెండు. ఆ పిట్టను వెతికినవారికీ అదే అనుభవం.

పెద్దబావను పట్టివ్వాలని వ్యాసకర్త కుమారుడు ఒకసారి పన్నాగం పన్నాడు. అట్టలు దాచి, నడిమధ్యనుంచి ఏదో ఒక ఖండం పెట్టి, ‘మావయ్యా, ఇదేమిటో చెప్పండి’ అని హెడ్‌ఫోన్లు ఆయన తలకు తగిలించాడు. ఇంటిల్లిపాదీ వంటింటి గుమ్మంలో గుమిగూడింది. పెద్దబావ ఒక్క రెప్పపాటు విని, ‘స్లేవ్ న్యూ డెజర్ట్, వెనెరియాలజీలో చివరిది’ అని చెప్పి, కాఫీ అడిగారు. చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు కుటుంబం పడ్డ నిరాశ అంతా ఇంతా కాదు. మనిషి బూటకమైతే క్షమించవచ్చు, నిజంగానే తెలిసినవాడైతే ఇక జీవితాంతం వినక తప్పదు.

వినగా వినగా తేడా తెలియడం ఇందులోని ప్రమాదం. యాంప్లిఫయరు భరించగలిగే హద్దు దాటి సంకేతాన్ని పంపితే తరంగాల శిఖరాలు తెగిపోయి శబ్దం గరుకెక్కుతుంది. దీనినే డిస్టార్షన్ అంటారు. వెనెరియాలజీ మొత్తం ఈ గరుకుతనం సందులేకుండా కూరి పెట్టిన మందపాటి గోడ కాగా, పల్స్ డీమన్‌లో మోత కదులుతుంది, కీచుమంటుంది, ఎడమ చెవిలోంచి కుడి చెవికి దూకుతుంది, పేరుకు తగ్గట్టు నాడిలా కొట్టుకుంటుంది. పెద్దబావ మొదటిదాని పక్షం. మందం లేని మోత మోతే కాదంటారు. ఇది తప్పు. వర్మ్స్ ప్లాస్టిక్ ఎర్త్‌బౌండ్ అనే ఇరవై నిమిషాలు దాటిన ఖండాన్ని మధ్యలో ఆపకుండా విన్నవారెవరైనా పల్స్ డీమన్‌కే ఓటు వేస్తారు. పెద్దబావ దాన్ని ఏనాడూ పూర్తిగా వినలేదనడానికి ఆయన భార్యే సాక్షి. పన్నెండో నిమిషంలో భోజనానికి పిలిస్తే లేచి వస్తారట.

ఈ వివాదం ఒక్క సందర్భంలోనే సద్దుమణుగుతుంది. 2002లో మెర్జ్‌బౌ వెలువరించిన మెర్జ్‌బీట్ ఆల్బమ్‌లో రొద అడుగున డ్రమ్ముల దరువు స్పష్టంగా, పదేపదే, కాలు ఆడించడానికి వీలుగా వినిపిస్తుంది. ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ ‘ఇదొక్కటీ బాగుంది’ అన్నది దాన్నే. ఆ మాట వినగానే వెనెరియాలజీ పక్షమూ పల్స్ డీమన్ పక్షమూ ఒక్కటైపోయి, తాళమే కావాలనుకుంటే లోకంలో మరో సంగీతకారుడు దొరకడా అని ముక్తకంఠంతో నిలదీశాయి.