మూడు కాళ్ల బ్రదుకు

జానెడు పొడవు, 200 గ్రాములకు మించని బరువు, ఎటు వంచిన నటు వంగు కీళ్లతో గూడిన మూడు కాళ్లు, తలమీద పావు అంగుళపు మందమున ఒక మర: ఇదియే నా సర్వస్వము. ఆ మరకు అంగుళమునకు 20 చొప్పున చుట్లుండును. జపానులో పుట్టిన కెమెరాయైనను, జర్మనీలో పుట్టినదైనను తన యడుగున దీనికి సరిపడు రంధ్రమునే దాల్చి వచ్చుటచే, మున్నెన్నడును చూడని యంత్రములను సైతము నేను తలపై మోయగలుగుచున్నాను. ఫోనులకు మాత్రము ఆ రంధ్రము లేదు గనుక, వాని నడుము పట్టి నిలుపుటకు స్ప్రింగు గల హోల్డరొకటి నాకు తోడుగా వచ్చినది.

నా యజమానురాలు నన్ను కొన్నది హైదరాబాదు కోఠిలో, కెమెరా దుకాణములకు పేరుపడిన గుజరాతీ గల్లీలో. అంగడివాడు ముందుగా చూపినవి నిలువెత్తు ట్రైపాడ్లు. పెండ్లి మండపములయందు వీడియో తీయువారికి తగినవి. ఆమె వానిని చేతితో ఎత్తి చూచి, "వద్దండీ, వీపున వేసుకొని కొండలెక్కాలి" అని నన్నే కోరుకొన్నది. కొండదారిని నడచువారికి బరువు కడు కఠినమైన లెక్క. నీరు, తిండి, వానకోటు, మందుల పొట్లము, ఇన్నిటి నడుమ చోటడుగు వస్తువు తన ప్రయోజనమును ముందుగా నిరూపించుకొనవలసియుండును. నేను సంచి ప్రక్కజేబులో నీళ్లసీసాను చుట్టుకొని, చోటడుగకయే పోవుదును.

నన్ను కొనవలసిన యగత్యమేమో ఆమె పాత చిత్రములను చూచిన తెలియును. అనంతగిరి, తలకోన, పాపికొండలు, ఎక్కడికి పోయినను కొండ యున్నది, వాగున్నది, ముందు నడచు మిత్రుల వీపులున్నవి, ఆమె లేదు. ఒకానొక చిత్రమున సాయంకాలపు టెండకు సాగిన యామె నీడ మాత్రము బండపై బడియున్నది. కెమెరా పట్టినవారికి చిత్రమున చోటు లేకుండుటను లోకము చిన్నలోటుగా తలచును గాని, నాకది పెద్ద యన్యాయముగనే తోచును. 1953 మే 29న ఎవరెస్టు శిఖరముపై హిల్లరీ టెన్సింగును చిత్రించినాడు. మంచుగొడ్డలి నెత్తి నిలిచిన టెన్సింగు రూపము జగద్విదితము, హిల్లరీ ఆ శిఖరముపై నిలిచిన చిత్రమే లేదు. 1980 ఆగస్టు 20న అదే శిఖరమును ప్రాణవాయువు సీసాలు లేక ఒంటరిగా ఎక్కిన మెస్నరు, తన మంచుగొడ్డలికి కెమెరాను మరతో బిగించి, సెల్ఫ్ టైమరు సాయమున తన్ను దాను చిత్రించుకొన్నాడు. ఆ మంచుగొడ్డలిని నేను నా వంశమునకు పెద్దగా భావింతును. అంతకు మిక్కిలి పూర్వము, 1839లో, ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తన ప్రతిబింబమును దానే పట్టుకొనుటకై కెమెరా యెదుట కదలక యుండినాడు. ఆ కెమెరాను అంతసేపు చలింపనీయక మోసిన యాధారము నెవరు తలంతురు?

చేయి చాచి తీసికొను సెల్ఫీని నేను ద్వేషింపను. నలుగురు స్నేహితుల ముఖములను ఒకచో జేర్చుటకు అది చక్కని యుపాయము. కొండకు మాత్రమది చాలదు. మూరెడు దూరమున ముక్కు పెద్దదై, చెవులు వెనుకకు బోయి, నల్లమల యంతయు భుజము చాటున పచ్చని మరకగా మిగులును. పదిపదునైదడుగుల యెడమున ఒక బండపై నన్ను నిలిపినచో, బూట్లకంటిన బురద మొదలు తలపై వాలిన కొమ్మవఱకు మనిషి నిండుగా కానవచ్చును. ఆమె యెంతటిదో, ఎదుటి కొండ యెంతటిదో ఒక్క చూపున తెలియును. ఆ యెడము నిచ్చుటయే నా జన్మకు గల పని, దానిని నేను ప్రాణపదముగా చేయుచున్నాను.

టైమరు గడువు 10 సెకండ్లు. చదునునేలపై నది చాలును గాని, వాగులోని పాకుడురాళ్లపై ఆ గడువునకు పరుగిడుట కాళ్లు విరుగగొట్టుకొనుటయే. అందుచే ఆమె కెమెరాలో ఇంటర్వెల్ షూటింగు పెట్టి, మూడేసి సెకండ్ల కొకటిగా చిత్రములు పడుచుండగా, తాను తొందరలేక నడచిపోవును. గాలి వీచునప్పుడు నా పాదములపై గులకరాళ్లు పేర్చును. ముందు తాను నిలువదగిన చోటు చూచుకొని, పిమ్మట నాకు చోటు వెదకును. లోయవైపు వెన్నుజేసి వెనుకడుగు వేయుట యెన్నడును లేదు. ఈ వరుసను తారుమారు చేసి ప్రాణములు గోల్పోయిన యువకులను తలచినప్పుడు నాకు కలుగు దుఃఖమింతంత కాదు.

అహోబిలమున ఉగ్రస్తంభమునకు పోయిన దినమును చెప్పక నా కథ సాగదు. ఎగువ అహోబిలము నుండి భవనాశి యేటి వెంబడి, బండలపై బండలు దాటుచు, జ్వాలా నరసింహుని గుహ మీదుగా దారి. ఊరివాడైన యొక యన్న కఱ్ఱ చేతబట్టి ముందు నడచినాడు. హిరణ్యకశిపుని సభాస్తంభమని భక్తులు కొలుచు ఆ చీలిన మహాశిల నిండుగా కానవచ్చు మలుపుకడ అతడాగి, అలవాటు చొప్పున చేయి చాచినాడు.

"ఇట్లియ్యక్కా, నేను తీస్తాలే."

"వద్దన్నా, మీరూ వచ్చి నిలబడండి. అదే తీసుకుంటుంది."

"ఈడ ఎందరికి తీసినానో లెక్కల్యా. నాది మాత్రం ఒగటి గూడ లేదక్కా" అని యతడు సహజముగా, ఏ కొఱతయు లేని గొంతుతో అన్నాడు.

ఆమె మాటాడక నా రెండు కాళ్లను ఎండిన మద్దికొమ్మకు చుట్టి, మూడవదానిని రాతి నెఱ్ఱెలో నాటి, మరను మఱియొకసారి బిగించినది. మొదటి చిత్రములలో అతడు చేతులు కట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలిచినాడు. మూడేసి సెకండ్లు గడచుచున్నకొలది భుజములు సడలినవి. అంతలో అతడు ఆమెవైపు తిరిగి, కఱ్ఱ నెత్తి, వానకాలమున ఏ బండ మీదుగా నీరు దుముకునో చూపసాగినాడు. ఆమె తల యెత్తి ఆ కొసవంకకు చూచినది. వారి వెనుక ఆ శిల ఆకాశమును చీల్చుకొని నిలిచినది. ఇరువురును నన్ను మఱచిన యా ఘడియ చిత్రమే అన్నిటిలో గొప్పది. నేను మోసినవానిలో దానికి సాటి లేదని నా నమ్మకము.

ఆళ్లగడ్డ చేరి సిగ్నలు రాగానే ఆమె దానిని వాట్సాప్‌లో పంపినది. ఆ రాత్రియే ఫోను మ్రోగినది. "అక్కా, మా యమ్మ ఫోటో సూసి ఇడిసిపెట్టడంల్యా. ఈసారి వచ్చేటప్పుడు ముందే సెప్పు, ఆమెను గూడ జ్వాలా నరసింహుని కాడికి పిల్చకొస్తా. ఆ మూడుకాళ్లదాన్ని మాత్రం మర్సిపోవాకు."

కార్తికమున వత్తుమని ఆమె మాట యిచ్చినది. వదులైన నా కాలికీలొకటి నిన్ననే సరిచేయించినది.