నేను బొమ్మలమ్మ గుట్టను

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తోవలో గంగాధర మండలం తగులుతుంది. అక్కడి కురిక్యాల ఊరి పక్కన ఉన్న గుట్టను నేను. ఒకప్పటి జైనులు నన్ను వృషభాద్రి అన్నారు. ఇప్పటి ఊరివాళ్లకు బొమ్మలమ్మ గుట్టను.

మా జాతి గ్రానైటు ఈ నేల లోతుల్లో చల్లారి గట్టిపడి దాదాపు 250 కోట్ల ఏళ్లయింది. పైనున్న పొరలన్నీ గాలివానలకు అరిగిపోయాక మేం వెలుగు చూశాం. అంత బతుకులో నేను గర్వంగా చెప్పుకునే సంగతి మాత్రం క్రీ.శ. 945 ప్రాంతంలో జరిగింది. జినవల్లభుడనే మనిషి ఉలులతో నా దగ్గరికి వచ్చింది అప్పుడే.

జినవల్లభుడి తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. వాళ్ల పెద్దలది గుంటూరు వైపు కమ్మనాటి వంగిపర్రు. అన్న పంపకవి వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో ఉండి, కన్నడంలో ఆదిపురాణం, విక్రమార్జున విజయం రాశాడు. కన్నడిగులకు ఆయన ఆదికవి. రాజు ఆయనకు ధర్మపురాన్ని అగ్రహారంగా ఇచ్చిన సంగతి నా మీద రాసి ఉంది. పంపడి కుటుంబం గురించి తెలుసుకోవాలనుకున్న కన్నడ పండితులు తెలంగాణలోని ఈ రాతి దగ్గరికే రావాల్సి వచ్చింది.

తమ్ముడు నా రాతి మీద జైన దేవత చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసదిని, అంటే జైన గుడిని, కట్టించాడు. కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించి, మదనవిలాసమనే తోట వేయించాడు. కవితాగుణార్ణవుడన్నది అన్న బిరుదే. అన్న పేరు మీద చెరువు తవ్వించిన తమ్ముడి మనసు నాకు ఈనాటికీ అపురూపమే. ఆ తర్వాత బొమ్మల కింద శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే రాతి మీద, ఒకదాని పక్కన ఒకటి. ఏ భాషా ఇంకో భాషకు దారి అడ్డం కాలేదు.

తెలుగు భాగం మూడు కంద పద్యాలు. జిన భవనాలు ఎత్తించడంలో, పూజలు చేయడంలో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరని పొగుడుతాయి. గ్రానైటు మీద రాత అంటే ఆషామాషీ కాదు. ఉలి మొన ఊరికే మొద్దుబారుతుంది, కొలిమిలో కాల్చి మళ్లీ సాగగొట్టుకోవాలి. ప్రాస ఒక్కచోట తప్పినా చెరిపి దిద్దే వీలు లేదు. అయినా పద్యం నడక కుదిరింది. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టడానికి ఇంకా వందేళ్ల దాకా ఉంది. ఇప్పటివరకు దొరికిన తెలుగు కందాల్లో ఇవే తొలివని పండితుల మాట. తెలుగుకు ప్రాచీన భాష హోదా కోసం వాదించినవాళ్లు నన్ను సాక్ష్యంగా చూపారు. 2008లో ఆ హోదా వచ్చింది.

చూసే ఓపిక ఉంటే ఈ నేలలో నావంటివాళ్లు ఇంకా ఉన్నారు. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహనుడు శ్రీముఖుడి నాణేలు దొరికాయి. ఆ పాత ఊరి చుట్టూ ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు చేరాయి. మానేరు దగ్గర ఎలగందుల కోట ఉంది, కరీంనగర్ కంటే ముందు జిల్లాకు అదే కేంద్రం. పాత ఆదిలాబాద్ జిల్లాలో కడెం వాగు కుంటాల దగ్గర జలపాతమై దూకుతుంది. ప్రాణహిత వైపు యామన్‌పల్లిలో, కోట్ల ఏళ్ల కింద తిరిగిన పెద్ద రాక్షసబల్లుల ఎముకలు బయటపడ్డాయి. 1988లో శాస్త్రవేత్త యాదగిరి ఆ జాతికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

దాని ఎముకలను మోసుకెళ్లి నిలబెట్టగలిగారు. నన్ను మోసుకెళ్లలేరు. నా పద్యాలు ఉంటే ఇక్కడే ఉండాలి, పోతే ఇక్కడే పోతాయి.

కరీంనగర్ గ్రానైటుకు ప్రపంచమంతా గిరాకీ ఉంది. టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ పేర్లతో బండలు కాకినాడ రేవు మీదుగా చైనా దాకా పోతాయి. వరసగా బెజ్జాలు వేసి మందు కూరి పేలుస్తారు, వజ్రాల తీగతో కోస్తారు. ఆ పని మీద బతికే కూలీల కడుపు కొట్టాలని నాకు లేదు. కానీ నా చర్మం పైకి కనిపించేటంత గట్టిది కాదు. ఎండకు సాగి చలికి ముడుచుకుని, గ్రానైటు పైపొర పెచ్చులుగా లేస్తుంది. అక్షరాలు ఉన్నది ఆ పైపొర మీదే. దగ్గరలో పేలుడు అదిరిన ప్రతిసారీ ఆ పొర కింది సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. బండలు కొట్టుకోవడానికి ఈ జిల్లాలో గుట్టలు ఇంకా ఉన్నాయి, ఈ కందాలు ఉన్న గుట్టను మాత్రం నేనొక్కదాన్నే.

కాబట్టి రండి. ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని వస్తే అక్షరాలు బాగా తేలి కనిపిస్తాయి. వాటి మీద సుద్ద రుద్దకండి, రంగు పూయకండి, మీ పేర్లు గీయకండి. పిల్లలను తీసుకొచ్చి ఒక్కో అక్షరం చదివించే ప్రయత్నం చేయండి. తిరిగి వెళ్లాక మీ అధికారులను, మీ ప్రజాప్రతినిధులను ఒక్క ప్రశ్న అడగండి: బొమ్మలమ్మ గుట్ట చుట్టూ ఎంత దూరం దాకా క్వారీలు రాకుండా హద్దు పెట్టారు? జవాబు కాగితం మీద వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.