హిస్టారికల్ ఆఫర్: సటీక తాత్పర్యం

మూలం: “హిస్టారికల్ ఆఫర్! ఎకనామిక్ రేట్లకే క్లాసికల్ బరంపురం పట్టు.”

బరంపురంలో ఒక చీరల కొట్టు మీద వేలాడే ఫ్లెక్సీయే ఈ గ్రంథం. కర్త అజ్ఞాతుడు. కాలం పండగల ముందు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని టీకాకారుడు మల్లినాథసూరి మాటిచ్చాడు. ప్రస్తుత టీకాకారుడు కోపంలో ఉన్నాడు కనుక రెండో మాట ఇవ్వలేడు.

ఆఫర్, రేట్లు, పట్టు: స్పష్టం.

హిస్టారికల్: చరిత్రకు సంబంధించినది. చరిత్రలో నిలిచిపోయేది హిస్టారిక్. కాబట్టి హిస్టారికల్ ఆఫర్ అంటే ఒకప్పుడు ఉండి పోయిన ఆఫర్. ఇప్పుడు అడిగితే లేదనడం కొట్టువాడి ధర్మం.

సంస్కృతానికి ఈ తంటా లేదు. ఇతిహాస శబ్దం మీద ఠక్ ప్రత్యయం చేరితే ఠకారానికి ‘ఇక’ వస్తుంది, ఆదివృద్ధి జరుగుతుంది, ‘ఐతిహాసికం’ సిద్ధిస్తుంది. అల్, గిల్ అక్కర్లేదు. తెలుగువాళ్లే ‘చారిత్రాత్మక’ అని పత్రికల నిండా అచ్చు వేసుకుంటున్నారు. ఆత్మక చేరినప్పుడు ఆదివృద్ధి ఎక్కడిది? చరిత్రాత్మకం అనాలి. సరే, అది వేరే జగడం.

హిస్టారిక్‌కు ఉదాహరణ గంజాంలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో చాలా భాగం, బరంపురంతో సహా, అటు వెళ్లింది. పర్లాకిమిడీ వెళ్లింది. ఆ రోజు హిస్టారిక్. నాటి కాగితాలు హిస్టారికల్. పర్లాకిమిడిలో 1880 నుంచి పంతులుగిరీ చేసి, సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు ఆ విభజన సరిపడక, డెబ్బై దాటిన వయసులో రాజమహేంద్రవరం చేరారు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోది మరొకటి ఎందుకని యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు అడిగితే, ఆ ప్రశ్నను పట్టుకుని గ్రాంథికం మీద జీవితమంతా పోరాడిన మనిషి. అర్థం కాని మాట గొప్పదనే భ్రమ మీద ఆయన కోపం. గ్రాంథికం పోయింది. దాని కుర్చీలో ఇప్పుడు ఈ ఫ్లెక్సీ కూర్చుంది.

ఆఫర్ దగ్గర కదూ ఉన్నాం.

ఎకనామిక్: ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది. పొదుపైనది ఎకనామికల్. బ్యాంకులకు వేల కోట్లు ఎగవేసి విదేశాలకు పారిపోయేవాణ్ణి 2018 నాటి చట్టం ఎకనామిక్ అఫెండర్ అంటుంది. ఎకనామికల్ అఫెండర్ ఉంటే రిక్షా కిరాయి ఎగ్గొడతాడు.

క్లాసికల్: ప్రాచీన సంప్రదాయానికి చెందినది. ఏ కాలంలోనైనా మేలురకం అనిపించుకునేది క్లాసిక్. బరంపురం చీర అంచున గోపురాల్లా కోసుగా లేచే కుంభాలు చూస్తే క్లాసికల్ అన్నా ఒప్పుకోవచ్చు. ఇక్కడొక్కచోటే కర్త గుడ్డిగా గురి కొట్టాడు. అయితే క్లాసికల్ హోదా పట్టుకి ముందే ఈ ఊళ్లో రెండింటికి ఉంది. తెలుగుకు 2008లో, ఒడియాకు 2014లో కేంద్రం ప్రాచీన భాషలని పేరు పెట్టింది. ఆ రెండూ మాట్లాడే వీధిలో, ఆ రెండూ మాట్లాడే కొట్టువాడు, ఆ రెండూ మాట్లాడే బేరగాళ్ల కోసం వేయించిన ఫ్లెక్సీ మీద ఆ రెంటిలో ఒక్క విశేషణం లేదు.

“ఏటి బాబూ, హిస్టారికల్ అంటే ధర తగ్గించినట్టా?” అని ఒక ముసలమ్మ అడిగింది.

“అవునమ్మా, లోపలికి రండి” అన్నాడు కొట్టులో కుర్రాడు. శిష్టజన సమ్మతమైన తాత్పర్యం ఇదే.

పాఠాంతరం: బస్టాండు వైపు కట్టిన ప్రతిలో ‘హిస్టీరికల్ ఆఫర్’ అని ఉంది. లేఖక దోషమని కొందరు. పండగ ముందురోజు ఆ కొట్టులో తొక్కిసలాట చూసిన టీకాకారుడు ఈ పాఠాన్నే గ్రహించాడు.