చేపలున్న బంజరు

శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని బీల అనే చిత్తడి నేలను రైతు చూస్తే నీరు, వరి, చేప. అదే బీలను కాగితం చూస్తే బంజరు! కాగితానికి సొంత కళ్లుండవు పాపం, ఎవరు ఏది చూపిస్తే అదే చూస్తుంది. అక్కడ థర్మల్ కేంద్రం పెడతామంటే ఊళ్లన్నీ ఏకమై వద్దన్నాయి. ఇంకేం, అభివృద్ధి నిరోధకుల బిరుదు వచ్చిపడింది. మోకాల్లోతు నీళ్లలో నిలబడి, 'అయ్యా, ఇవి నీళ్లే' అని రుజువు చేసుకోవాల్సిన ఖర్మ ఇంకెవరికుంటుంది?

2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు నేలకొరిగారు. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. తీర్పు వచ్చేదాకా తూటా ఆగలేకపోయింది, అంత పని తొందర!

థర్మల్ కేంద్రం రాలేదు. బీల అక్కడే ఉంది.